మాకంటే ముందే మా మురుగు చేరింది

ఘట్‌కేసర్‌లో పెరిగినవాళ్లకు సముద్రమంటే సెలవుల్లో చూసి వచ్చేది. దగ్గరిదని అందరం చెప్పుకునే సూర్యలంక తీరం కూడా మాకు 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ దూరాన్ని మేం ఇన్నేళ్లూ సాకుగా వాడుకున్నాం. ఉప్పల్, నాచారం, పోచారం, ఘట్‌కేసర్‌లలో ఇంజినీరింగ్ చదివి, నగరంలో ఉద్యోగాలు చేస్తూ, లాంగ్ వీకెండ్ వస్తే వీపున బ్యాగు తగిలించుకుని బయల్దేరే తరం మాది. గోవా, విశాఖ, అండమాన్, ఫుకెట్, బాలి తిరిగొచ్చాం. తిరిగిన ప్రతిచోటా సముద్రాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకున్నాం. ఆ ప్రేమలో నిజమెంతో ఇప్పుడైనా లెక్క చూసుకోవాలి. మేం ఆ తీరాలకు ఏమీ కానివాళ్లమన్నట్టే మసలుకున్నాం. అక్కడి మనుషులతో, అక్కడి నీళ్లతో మాకు పాత సంబంధమే ఉంది. తెలుసుకుంటే బాధ్యత మెడకు చుట్టుకుంటుందని తెలుసుకోలేదు.

నాతోపాటు తిరిగిన స్నేహితుడిది నాచారం. వాళ్ల నాన్న పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పనిచేశాడు. మా ఇల్లు ఘట్‌కేసర్ స్టేషన్‌కు దగ్గర. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు, నడికుడి వైపు పోయే రైళ్లు రాత్రంతా మా పక్క నుంచే పోతాయి. వాటిలో కొన్ని సముద్రం ఉన్న ఊళ్ల దాకా పోతాయని తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. చేతికి జీతం రాగానే ఇద్దరం ఆ రైళ్లెక్కాం. మొదట బాపట్ల, తర్వాత విశాఖ, ఆ పైన విమానంలో అండమాన్. 2023 నవంబర్ నుంచి భారతీయులకు వీసా అక్కర్లేదనగానే థాయ్‌లాండ్ దీవులు. హాస్టల్లో ఒక మంచం, అద్దె స్కూటీ, రోడ్డు పక్క అన్నం. తక్కువ ఖర్చుతో తిరుగుతున్నాం కాబట్టి డబ్బున్న టూరిస్టుల కంటే మేం మంచివాళ్లమని అనుకునేవాళ్లం.

బయల్దేరే ముందు గంటల తరబడి వెతికేవాళ్లం. ఏ తీరంలో జనం తక్కువ, ఏ చోట పొద్దుగూకడం బాగా కనపడుతుంది, స్కూబా ఎక్కడ చవక. ఆ ఊరివాళ్లకు తాగే నీళ్లెక్కడినుంచి వస్తాయి, మేం పారేసినవి ఎక్కడికి పోతాయి, అక్కడ ఎవరుంటారు అన్నవి మా వెతుకులాటలోకి ఒక్కసారీ రాలేదు.

అండమాన్‌లో తెలుగు వినబడుతుందని కూడా మాకు తెలియదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఉన్నది 3.8 లక్షల మంది. అందులో దాదాపు 13 శాతం, అంటే 50 వేల మందికి తల్లిభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలలు పట్టుకుని వెళ్లిన జాలరి కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళితే తెలుగులో బేరాలు వినబడతాయి. విశాఖ రేవు నుంచి అక్కడికి ప్రయాణికుల ఓడ కూడా నడిచింది.

అంతకుముందు వెళ్లినవాళ్లు సంకెళ్లతో వెళ్లారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. ఉప్పల్ నుంచి కోఠీకి పొద్దున్నే సిటీ బస్సెక్కే మా ఆడపిల్లలు చదువుకునే మహిళా విశ్వవిద్యాలయం ఆవరణే ఆ రెసిడెన్సీ. రంప పితూరీలో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని సెల్యులర్ జైలుకు తరలించారు. ఆ జైలు ముందు మేం ఫొటోలు దిగాం. గోడల మీది పేర్లలో మనవాళ్లెవరున్నారని వెతకలేదు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకు టికెట్లు దొరుకుతాయా లేదా అన్న ఆరాటంలోనే ఉండిపోయాం.

ఒక పడవాయన మా మాటలు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులో అడిగాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. మాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. తెలుగువాళ్లమే కదా, కొంచెం తగ్గించు అన్నాం. దొరికిన బంధుత్వాన్ని మేం ముందుగా వాడుకున్నది పడవ కిరాయి తగ్గించుకోవడానికి. ఆయన తగ్గించాడు కూడా. ఎండాకాలంలో ఇంటికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయని, ధనికారి డ్యామ్‌లో మట్టం పడిపోతే ఇంకా కష్టమని మాటల్లో చెప్పాడు. విన్నాం. సాయంత్రం హాస్టల్‌కు వచ్చి బట్టలకు పట్టిన ఉప్పు వదిలేదాకా బకెట్ల మీద బకెట్లు పోసుకున్నాం. చెప్పిన మాటకూ చేసిన పనికీ నడుమ నాలుగు గంటలు కూడా గడవలేదు. ఆ దీవులకు వచ్చే తెలుగు గుంపుల్లో మా తీరు వేరేమీ కాదు.

బారాటాంగ్ దారి గురించి చెప్పడం నాకు అన్నింటికంటే కష్టం. అక్కడి సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూడాలంటే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చీకటితోనే బండ్లు వరుస కట్టాలి. కాన్వాయ్‌గా అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జరావా అనే ఆదిమ తెగ ఉండే అడవి నడుమ నుంచి పోవాలి. జరావాలు కొన్ని వందలమందే మిగిలారు. 1990ల చివరిదాకా వాళ్లు బయటివాళ్లను దగ్గరకు రానివ్వలేదు. రానిచ్చిన కొద్దికాలానికే, 1999లో, వాళ్లకు తట్టు సోకింది. ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. ఆ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. తిండి ఎరజూపి జరావా స్త్రీల చేత డాన్సు చేయిస్తున్న వీడియో 2012లో బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది. 2013 జనవరిలో కోర్టు కొన్నాళ్లు పర్యాటకుల్ని ఆపింది. తర్వాత మళ్లీ బండ్లు కదిలాయి.

ఫొటోలు తీయొద్దు, ఆగొద్దు, ఏమీ ఇవ్వొద్దు అని చెక్‌పోస్టు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మేం ఫొటోలు తీయలేదు, బిస్కెట్లు విసరలేదు. నియమాలన్నీ పాటించామన్న తృప్తితోనే కూర్చున్నాం. కానీ వ్యాన్‌లో ఉన్న ప్రతి ఒక్కరి కళ్లూ కిటికీలకే అతుక్కుని ఉన్నాయి, మావి కూడా. "కనబడ్డారా, కనబడ్డారా" అని తెలుగులో అడుగుతూనే ఉన్నాం. గుహలు ఒక నెపం, అసలు మేం చూడాలనుకున్నది మనుషుల్ని. ఆ దారి కాకుండా సముద్రం మీదుగా బారాటాంగ్ చేరే ఏర్పాటు ఉందా అని కనుక్కోలేదు. అసలు వెళ్లకుండా ఉండటం అనే దారి కూడా ఉంది. అది మాకు తట్టలేదు. సమ్మక్క సారలమ్మ జాతరకు మా ఘట్‌కేసర్ మీదుగానే జనం మేడారం పోతారు. అడవిబిడ్డల్ని దేవతలుగా మొక్కే నేల నుంచి వెళ్లి, అక్కడి అడవి మనుషుల్ని వేడుకగా చూడబోయాం. ఇంతకంటే పెద్ద తప్పు మా ప్రయాణాల్లో మరొకటి లేదు.

మిగతావి చిన్నవిగా కనబడతాయి గానీ కలిపి చూస్తే చిన్నవి కావు. పగడం చచ్చినదైనా సరే దీవి నుంచి తేవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. 2001 నుంచి పగడాలు మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. అయినా ఎయిర్‌పోర్టు తనిఖీల్లో సంచుల నుంచి పగడపు ముక్కలు, గవ్వలు బయటపడుతూనే ఉంటాయి. 2010లో వేడెక్కిన నీళ్లకు అండమాన్ పగడపు దిబ్బలు తెల్లబడి ఎన్నో చచ్చిపోయాయి. వాటి మీద కాళ్లు పెట్టి నిలబడి వీడియో తీయించుకునేవాళ్లను మేం చూశాం, వారించలేదు. థాయ్‌లాండ్‌లో మాయా బే తీరాన్ని 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా మూసి ఉంచారు. తెరిచాక అక్కడ ఈతకు దిగనివ్వరు. అక్కడికి వెళ్లినప్పుడు మన జనం గీత దాటకుండా బుద్ధిగా నిలబడటం కళ్లారా చూశాం. జరిమానా భయమో, పరాయి దేశమన్న జంకో. అదే జనం రుషికొండకు వస్తే ఏం చేస్తారో విశాఖవాళ్లను అడగండి. 2020లో దేశంలో తొలిసారి, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ దక్కిన ఎనిమిది తీరాల్లో రుషికొండ ఒకటి. 2025 మొదట్లో నిర్వహణ సరిగా లేక ఆ జెండా దించాల్సి వచ్చింది, సరిచేశాక తిరిగి ఎగరేశారు. తప్పు అధికారులదని అన్నాం. ఇసుకలో గుచ్చిన సీసాలు అధికారులు తాగినవి కావు.

తిరిగొచ్చాక మా ఊరి సంగతి.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. స్కూల్లో ఈ దారిని పటం మీద గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఉప్పల్, నాచారం, రామంతాపూర్ నాలాల్లోకి వదిలేదంతా ఈ దారినే పోతుందని గుర్తుకు రానే లేదు. సముద్రం మాకు దూరమన్నది అబద్ధం. మేం రైలెక్కక ముందే, విమానమెక్కక ముందే, మా మురుగు కృష్ణా జిల్లా తీరానికి చేరి ఉంది.

ఉప్పల్ దాటాక ఈ నది ఒడ్డున నడిచి చూడండి. పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచివానిసింగారం, ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్. ఈ ఊళ్లలో దశాబ్దాలుగా నగరపు మురుగుతోనే సేద్యం సాగుతోంది. వరి పండుతుంది, ఆకుకూరలు పండుతాయి, బర్రెలకు వేసే గడ్డి పండుతుంది. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. కాలువ నీళ్లలో పనిచేసే ఆడవాళ్ల కాళ్లకు, చేతులకు దురదలు, పుండ్లు. మత్తడి దగ్గర తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. ఏదులాబాద్‌లో గోదాదేవి, రంగనాయకస్వామి గుడి ఉంది. ధనుర్మాసంలో మా ఇంట్లోవాళ్లు వెళ్తారు. వెళ్లేటప్పుడు చెరువు పక్కన కారు అద్దాలు ఎక్కించుకుంటారు.

ఒకసారి అక్కడ ఆగి నేనూ నా స్నేహితుడూ చేతిరుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడితే, గడ్డి మోపు కడుతున్న పెద్దాయన, "మీ నీళ్లే గద బిడ్డా, ముక్కెందుకు మూసుకుంటున్నరు?" అన్నాడు. కోపంగా అనలేదు. మాకు జవాబు లేదు. నాచారం పారిశ్రామికవాడ మాకు అన్నం పెట్టింది. మా నాన్నల జీతాలు, మా కాలేజీ ఫీజులు అక్కడినుంచే వచ్చాయి. అక్కడి నీళ్లు ఎక్కడికి పోతున్నాయని అడగకుండానే ఆ అన్నం తిన్నాం.

తప్పించుకునే దారులు మాకు బాగా తెలుసు. పటాన్‌చెరు పరిశ్రమల నీటిని పైపులైన్‌లో అంబర్‌పేట దాకా తెచ్చారు, అది మాకు పైన ఉంది, మా తప్పు కాదు అంటాం. శుద్ధి కేంద్రాలున్నాయి కదా అంటాం. ఉన్నాయి. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోల్‌లో 172, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 30 మిలియన్ లీటర్లు శుద్ధి చేసేందుకు మొదట కట్టారు. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. అయినా అపార్ట్‌మెంట్ పూర్తికాగానే మురుగు పైపును అడ్డదారిలో వాననీటి కాలువకు కలిపింది మేమే. చెరువు శిఖంలో ప్లాటు చవకగా వస్తుందంటే కొన్నది మేమే. 2020 అక్టోబర్ వరదలో రామంతాపూర్, ఉప్పల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు చెరువును తిట్టుకున్నాం. ఆ వరదకు మా వీధుల్లోని ప్లాస్టిక్ ఎంత దూరం కొట్టుకుపోయిందో ఎవరం ఆలోచించలేదు. మామూలు రోజుల్లో కొంత చెత్త కత్వల దగ్గర ఆగుతుంది, కొంత సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులో దిగుతుంది. గేట్లెత్తిన రోజున ఆగేది ఏమీ ఉండదు.

హంసలదీవి, నాగాయలంక తీరాలకు చలికాలం నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్లు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని నీళ్లలో వదులుతారు. ఆ వీడియోలు చూసి మేం మెచ్చుకుంటాం. తాబేలు పిల్ల ఈదే నీళ్లలో ఉప్పల్ సంచీ ఉండొచ్చన్నది మాకు తోచదు.

సూర్యలంక గురించీ చెప్పాలి. ఏటా ఎండాకాలంలో తెలంగాణ నుంచి వెళ్లిన కుర్రాళ్లు బాపట్ల, చీరాల తీరాల్లో మునిగిపోయిన వార్త వస్తుంది. వాళ్లలో మా వైపు పిల్లలూ ఉంటారు. ఎర్రజెండా పాతిన చోటే దిగుతారు, తాగి దిగుతారు, ఈత రాకుండా దిగుతారు. వెతకడానికి నీళ్లలోకి దూకేది అక్కడి జాలర్లు, గజ ఈతగాళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో చేపలవేట నిషేధం. మా సెలవులూ అప్పుడే. అంటే ఆ జాలరికి రాబడి లేని రెండు నెలల్లో మేం వెళ్లి, మా ప్రాణాల బరువు కూడా ఆయన మీదే వేస్తాం. మా వీధిలో ఒక తల్లి కొడుకును అలా పోగొట్టుకుంది. శవాన్ని తెచ్చి ఒడ్డున పడుకోబెట్టిన మనిషి పేరు ఆ కుటుంబానికి తెలియదు. తెలుసుకుని ఒక్కసారి వెళ్లి కలుద్దామని కాలనీలో ఎవరం అనలేదు.

నా స్నేహితుడు ఇవన్నీ ఒప్పుకోడు. మనం పోయి ఖర్చుపెట్టబట్టే ఆ పడవాయన పిల్లలు చదువుకుంటున్నారు, ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభం అంటాడు. అందులో నిజముంది. 2004 సునామీ తర్వాత, కొవిడ్ కాలంలో పర్యాటకులు లేక ఆ దీవుల్లో ఎంతమంది పస్తులున్నారో అక్కడివాళ్లే చెబుతారు. వెళ్లొద్దని నేననను. వెళ్లి ఇచ్చిన డబ్బుతో లెక్క తీరిపోయిందనుకోవడం దగ్గరే నాకు పేచీ. బస్టాండు చాయ్ దగ్గర మొదలైన ఈ వాదన ఎన్నిసార్లు జరిగినా అతను డబ్బు దగ్గర ఆగుతాడు, నేను నీళ్ల దగ్గర ఆగుతాను. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే మాట మీద ఉన్నాం. మేమిద్దరం చదివింది సివిల్ ఇంజినీరింగ్, ఆ చదువును మా ఊరి నీళ్లకు వాడలేదు.

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ల్యాబ్ మాకు సిలబస్‌లోనే ఉంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంత, బీఓడీ ఎంత, క్లోరైడ్లు ఎంత అని కొలిచే పద్ధతులన్నీ నేర్పారు. పరికరాలున్నాయి, రసాయనాలున్నాయి, చెప్పే సార్లున్నారు. మూసీ మా కాలేజీకి బైకు మీద పావుగంట దూరం. ఏదులాబాద్ చెరువు ఇంకా దగ్గర. ఆ ఊరివాళ్లకు, ఆ గడ్డి కోసే పెద్దాయనకు తమ నీళ్లలో ఏముందో ఒక కాగితం మీద రాసివ్వగలిగిన చదువు ఆ చుట్టుపక్కల కాలేజీల్లో వేలమంది చేతిలో ఉంది. ఆదివారాలు మేం ట్రిప్ ప్లాన్లు వేసుకున్నాం. ల్యాబ్ పరీక్ష రోజున నమూనా కోసం క్యాంటీన్ వెనక కుళాయి తిప్పి సీసాలో నీళ్లు పట్టుకొచ్చేవాళ్లం.